విశేషణమా? నామవాచకమా? – ఇంగ్లీషు వాక్యంలో గుర్తుపట్టడం ఎలా?

ప్రియమైన చెల్లెళ్ళకు,

మన హాస్టలు గేటు మీద ఉన్న బోర్డును మీరు రోజూ చూస్తూనే ఉంటారు. తెలుగులో 'సాంఘిక సంక్షేమ బాలికల వసతి గృహం' అనీ, ఇంగ్లీషులో 'సోషల్ వెల్ఫేర్ గర్ల్స్ హాస్టల్' అనీ ఉంటుంది. ఆరేళ్ళు ఆ బోర్డు కింద నుంచే బడికి వెళ్ళి వచ్చాను. కానీ అందులోనే ఒక వ్యాకరణ పాఠం ఉందని అప్పుడు నాకు తెలియదు.

మీకొక చిన్న ప్రశ్న. 'సోషల్', 'వెల్ఫేర్' అనే రెండు మాటల్లో ఏది విశేషణం? ఏది నామవాచకం? రెండూ 'హాస్టల్' అనే మాటకు ముందే ఉన్నాయి కదా, రెండూ విశేషణాలే అనుకుంటే పొరపాటు. జవాబు ఇప్పుడే చెప్పను. ఈ వ్యాసం పూర్తయ్యేసరికి మీరే చెప్పగలుగుతారు.

ఈ పాఠం ఎందుకు ముఖ్యం?

పోటీ పరీక్షల్లో 'వాక్యంలో తప్పు గుర్తించండి' అనే ప్రశ్నలు వస్తాయి. వాటిలో విశేషణం ఉండవలసిన చోట నామవాచకం పెట్టిన వాక్యాలు తరచుగా కనిపిస్తాయి. కాబట్టి మార్కుల కోసం ఈ పాఠం అవసరమే. కానీ నేను దీన్ని నేర్చుకున్నది మార్కుల కోసం కాదు.

డిగ్రీ అయ్యాక ఒక ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్ళాను. 'నీ జీవితంలో నీకు ఆదర్శం ఎవరు?' అని ఇంగ్లీషులో అడిగారు. మా అమ్మ పేరు చెప్పాను. మా అమ్మ పొలం పనులకు వెళ్ళే కూలీ. ఒకసారి మేస్త్రి లెక్క తప్పి ఒకరోజు కూలి ఎక్కువ ఇస్తే, ఇంటికొచ్చి లెక్కపెట్టుకుని, మళ్ళీ రెండు మైళ్ళు నడిచి వెళ్ళి తిరిగి ఇచ్చేసి వచ్చింది. ఆ సంగతి చెప్పాలని నా ఉద్దేశం. కానీ నా నోటి నుంచి వచ్చిన వాక్యాలు ఇవి: 'మై మదర్ ఈజ్ వెరీ ఆనెస్టీ. షీ ఈజ్ ఎ పావర్టీ.' ఎదురుగా కూర్చున్న ముగ్గురిలో ఒకరు నవ్వు ఆపుకున్నారు. నాకు నోట మాట రాలేదు. అమ్మ సంగతి చెప్పకుండానే బయటికి వచ్చేశాను.

నాకు మాటలు రాక కాదు. ఆనెస్టీ అంటే నిజాయితీ అనీ, పావర్టీ అంటే పేదరికం అనీ తెలుసు. తెలియనిదల్లా ఆ మాటలను వాక్యంలో ఎక్కడ కూర్చోబెట్టాలన్నదే. నాకు జరిగింది మీకు జరగకూడదని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా రెండు నిర్వచనాలు

మన తెలుగు వ్యాకరణంలో భాషాభాగాలు ఐదు: నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం. ఇంగ్లీషు వ్యాకరణంలో భాషాభాగాలు ఎనిమిది అని బడిలో చెబుతారు. అందులో 'నౌన్' అంటే మన నామవాచకం. 'అడ్జెక్టివ్' అంటే మన విశేషణం.

మనిషికి, వస్తువుకు, చోటుకు, గుణానికి, భావానికి పేరుగా ఉండేది నామవాచకం. బుక్, విలేజ్, ఆనెస్టీ, ఫియర్ – ఇవన్నీ పేర్లే. ఆ పేరు గలదాని గుణాన్ని చెప్పేది విశేషణం. గుడ్, బిగ్, ఆనెస్ట్, పూర్ – ఇవి గుణాలను తెలిపే మాటలు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నిజాయితీ కూడా గుణమే కదా, మరి ఆనెస్టీ విశేషణం ఎందుకు కాదు? ఎందుకంటే 'ఆనెస్టీ' అనేది ఆ గుణానికి పేరు. 'ఆనెస్ట్' అనేది ఆ గుణం ఒకరిలో ఉందని చెప్పే మాట. మన తెలుగులో 'మంచితనం', 'మంచి' అనే రెండు మాటలకు ఉన్న తేడాయే ఇది. 'మంచితనం అమ్మాయి' అని ఎవరూ అనరు. 'మంచి అమ్మాయి' అంటారు.

తెలుగులో రూపం, ఇంగ్లీషులో స్థానం

తెలుగులో చాలా మాటలను చూడగానే ఏది ఏమిటో తెలిసిపోతుంది. 'అందం' నామవాచకం, 'అందమైన' విశేషణం. 'బలం' నామవాచకం, 'బలమైన' విశేషణం. 'సంఘం' నామవాచకం, 'సాంఘిక' విశేషణం. మాట రూపమే మారుతుంది.

ఇంగ్లీషులో కొన్ని మాటలకు ఇలాంటి తేడా ఉన్నా, చాలా మాటలకు లేదు. ఒకే మాట ఒక వాక్యంలో నామవాచకంగా, మరో వాక్యంలో విశేషణంగా ఉంటుంది. సుమారు వెయ్యేళ్ళ క్రితం ఇంగ్లీషులోనూ విశేషణాలకు లింగాన్ని, వచనాన్ని, విభక్తిని బట్టి మారే ప్రత్యయాలు ఉండేవి. తర్వాతి శతాబ్దాల్లో అవి క్రమంగా అరిగి, 1500 నాటికి దాదాపుగా పోయాయి. ప్రత్యయాలు పోయాక మాట స్థానానికే ప్రాధాన్యం వచ్చింది.

అందుకే ఈ వ్యాసంలో మీరు గుర్తుంచుకోవలసిన ముఖ్య సూత్రం ఒక్కటే: ఇంగ్లీషులో మాటను ఒంటరిగా చూసి నిర్ణయించకండి. అది వాక్యంలో ఏ కుర్చీలో కూర్చుందో చూడండి.

విశేషణం కూర్చునే రెండు కుర్చీలు

మొదటిది, నామవాచకానికి ముందు. 'ఎ కైండ్ గర్ల్' అంటే దయగల అమ్మాయి. 'ఎ బిగ్ ట్రీ' అంటే పెద్ద చెట్టు.

రెండోది, ఈజ్, యామ్, ఆర్, వాజ్, వర్ వంటి క్రియల తర్వాత. బికమ్, సీమ్, లుక్, ఫీల్ కూడా ఈ గుంపులోవే. 'ద గర్ల్ ఈజ్ కైండ్.' 'షీ లుక్స్ టయర్డ్.' ఇక్కడ విశేషణం వెనుక నామవాచకం లేకపోయినా, అది వాక్యం మొదట్లో ఉన్న కర్తనే వర్ణిస్తుంది.

చాలా విశేషణాలు రెండు కుర్చీల్లోనూ కూర్చుంటాయి. కొన్ని మాత్రం రెండోదానిలోనే కూర్చుంటాయి. అస్లీప్, అలైవ్, అఫ్రైడ్ అలాంటివి. 'ద బేబీ ఈజ్ అస్లీప్' అంటాం గాని 'ద అస్లీప్ బేబీ' అనం.

నామవాచకం కూర్చునే కుర్చీలు

ఒకటి, కర్త స్థానం: 'ఆనెస్టీ ఈజ్ ఎ గుడ్ క్వాలిటీ.'
రెండు, కర్మ స్థానం: 'ఎవ్రీవన్ లైక్స్ ఆనెస్టీ.'
మూడు, ఆఫ్, ఇన్, ఫ్రమ్, విత్, ఫర్ వంటి మాటల తర్వాత: 'షీ వర్క్స్ విత్ ఆనెస్టీ.'

మీరంతా సెలవు చీటీ రాస్తారు కదా! 'సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అని రాస్తారు. అక్కడ 'ఫ్రమ్' తర్వాత ఉన్నది కాబట్టి 'ఫీవర్' నామవాచకం. అర్థం చూసుకోకుండా బట్టీపట్టి రాసినా ఆ మాట సరైన కుర్చీలోనే ఉంది. అదే అమ్మాయి నోటితో చెప్పవలసి వచ్చినప్పుడు 'ఐ యామ్ ఫీవర్' అంటుంది. అంటే 'నేనే జ్వరాన్ని' అని అర్థం!

నాలుగు పరీక్షలు

అనుమానం వచ్చినప్పుడు ఈ పరీక్షలు పెట్టి చూడండి.

1. 'వెరీ' పరీక్ష: మాటకు ముందు 'వెరీ' పెట్టండి. 'వెరీ ఆనెస్ట్', 'వెరీ పూర్' సరిపోతాయి. కాబట్టి అవి విశేషణాలు. 'వెరీ ఆనెస్టీ', 'వెరీ పావర్టీ' సరిపోవు. అవి నామవాచకాలు. అయితే ఒక జాగ్రత్త. మంత్లీ, ఎకనామిక్, మెయిన్ వంటి కొన్ని విశేషణాలకు ముందు సాధారణంగా 'వెరీ' రాదు. కాబట్టి ఈ పరీక్షలో నెగ్గితే విశేషణమని నమ్మవచ్చు. ఓడిపోతే మాత్రం వెంటనే నామవాచకమని అనకుండా మిగతా పరీక్షలు కూడా చూడండి.

2. 'ఎ' పరీక్ష: 'ఎ' లేదా 'యాన్' అనే మాట ఒక వాగ్దానం లాంటిది. ఇంకాసేపట్లో ఏకవచన నామవాచకం వస్తుందని అది చెబుతుంది. 'హి ఈజ్ ఎ పూర్' అని ఆపేస్తే వాగ్దానం తప్పినట్లే. 'హి ఈజ్ ఎ పూర్ మ్యాన్' అనాలి, లేదా 'ఎ' తీసేసి 'హి ఈజ్ పూర్' అనాలి.

3. బహువచన పరీక్ష: లెక్కపెట్టగల నామవాచకాలు బహువచనంలోకి వెళతాయి. బుక్ – బుక్స్, ఫ్రెండ్ – ఫ్రెండ్స్. విశేషణానికి బహువచనం లేదు. ఈ విషయంలో ఇంగ్లీషుకు, తెలుగుకు పోలిక ఉంది. మనం 'మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పిల్లలు' అంటాం. 'మంచి' మారదు. హిందీలోనైతే అచ్ఛా, అచ్ఛీ, అచ్ఛే అని మారుతుంది. కాబట్టి 'అదర్స్ స్టూడెంట్స్' తప్పు, 'అదర్ స్టూడెంట్స్' ఒప్పు. మరి 'గూడ్స్ బండి' సంగతేమిటి అని మీరు అడగవచ్చు. అక్కడ 'గూడ్స్' అంటే మంచివి అని కాదు, సరుకులు. అది నామవాచకమైపోయిన మాట.

4. తారతమ్య పరీక్ష: పూర్ – పూరర్ – పూరెస్ట్, బ్యూటిఫుల్ – మోర్ బ్యూటిఫుల్ – మోస్ట్ బ్యూటిఫుల్ అని పోల్చగలిగితే విశేషణం. ఇక్కడా జాగ్రత్త అవసరం. 'మోర్ మనీ', 'మోర్ వాటర్' అనికూడా అంటాం. అక్కడ 'మోర్' అంటే 'ఎక్కువ పరిమాణం' అని, పోలిక కాదు.

మన తప్పులకు మూలం ఎక్కడుంది?

మనకు తెలివి లేక ఈ తప్పులు రావు. తెలుగు వాక్యాన్ని మాటకు మాట ఇంగ్లీషులోకి మార్చడం వల్ల వస్తాయి. ఈ వాక్యాలు చూడండి.

నాకు ఆకలి. నాకు భయం. ఆమెకు ధైర్యం ఎక్కువ. అతనికి కోపం ఎక్కువ.

తెలుగులో ఇవి చక్కటి వాక్యాలు. ఆకలి, భయం, ధైర్యం, కోపం అన్నీ నామవాచకాలే. 'నాకు', 'ఆమెకు' అని చతుర్థీ విభక్తితో మొదలుపెడతాం. ఇంగ్లీషులో అలా కుదరదు. అక్కడ రెండు దారులున్నాయి.

మొదటి దారి 'ఈజ్' దారి. ఇందులో విశేషణం వాడాలి. ఐ యామ్ హంగ్రీ. ఐ యామ్ అఫ్రైడ్. షీ ఈజ్ బ్రేవ్. హి ఈజ్ యాంగ్రీ.

రెండో దారి 'హ్యాజ్, హ్యావ్' దారి. ఇందులో నామవాచకం వాడాలి. షీ హ్యాజ్ గ్రేట్ కరేజ్. ఐ హ్యావ్ ఎ ఫీవర్. హి హ్యాజ్ పేషెన్స్.

ఒక దారిలో బయలుదేరి మధ్యలో రెండో దారిలోకి దూకితేనే తప్పు వస్తుంది. 'ఐ యామ్ హంగర్', 'షీ ఈజ్ వెరీ కరేజ్', 'ఐ వాజ్ ఆబ్సెన్స్' – ఇవన్నీ అలా దూకిన వాక్యాలే. నా 'మై మదర్ ఈజ్ వెరీ ఆనెస్టీ' కూడా అంతే.

'ఈజ్' తర్వాత నామవాచకం అసలు రాదా అంటే వస్తుంది. 'షీ ఈజ్ ఎ టీచర్', 'హైదరాబాద్ ఈజ్ ఎ సిటీ' అంటాం. అక్కడ ఆమే టీచరు, హైదరాబాదే నగరం. రెండూ ఒకటే అయినప్పుడు నామవాచకం వస్తుంది. నేను 'షీ ఈజ్ ఎ పావర్టీ' అన్నప్పుడు మా అమ్మే పేదరికం అని చెప్పినట్లయింది. అందుకే ఆ పెద్దమనిషికి నవ్వొచ్చింది.

ఇంకొక మూలం ఉంది. తెలుగులో 'అతను మంచి' అని ఆపలేం. 'వాడు' చేర్చి 'మంచివాడు' అనాలి. ఆ అలవాటుతో ఇంగ్లీషులోనూ 'హి ఈజ్ ఎ గుడ్' అంటాం. ఇంగ్లీషులో ఆ 'వాడు' అవసరం లేదు. 'హి ఈజ్ గుడ్' అంటే చాలు.

మాట చివర చూసి గుర్తుపట్టడం

ఇంగ్లీషులో కొన్ని మాటల చివర ఉండే ప్రత్యయాలు మనకు సాయం చేస్తాయి. ఈ జంటలను నోటుబుక్కులో రాసుకోండి. ముందున్నది విశేషణం, తర్వాతది నామవాచకం.

హ్యాపీ – హ్యాపీనెస్
కైండ్ – కైండ్‌నెస్
ఆనెస్ట్ – ఆనెస్టీ
పూర్ – పావర్టీ
ఈక్వల్ – ఈక్వాలిటీ
ఫ్రీ – ఫ్రీడమ్
సైలెంట్ – సైలెన్స్
ఆబ్సెంట్ – ఆబ్సెన్స్
డిఫరెంట్ – డిఫరెన్స్
పేషెంట్ – పేషెన్స్
బ్యూటిఫుల్ – బ్యూటీ
డేంజరస్ – డేంజర్
హెల్దీ – హెల్త్
స్ట్రాంగ్ – స్ట్రెంగ్త్

'నెస్', 'ఇటీ', 'డమ్', 'మెంట్', 'షిప్' చివరనుంటే ఎక్కువగా నామవాచకాలు. 'ఫుల్', 'లెస్', 'అస్', 'అబుల్' చివరనుంటే ఎక్కువగా విశేషణాలు.

'ఎక్కువగా' అన్నాను గాని 'ఎప్పుడూ' అనలేదు. ఎందుకంటే మోసం చేసే మాటలు కొన్ని ఉన్నాయి. 'స్పూన్‌ఫుల్' చివర 'ఫుల్' ఉన్నా అది నామవాచకం, చెంచాడు అని అర్థం. 'అరైవల్', 'ప్రపోజల్' అనేవి 'నేషనల్' లాగే వినిపించినా నామవాచకాలు. 'రిలేటివ్' అంటే బంధువు అన్నప్పుడు నామవాచకం. 'ఫ్రెండ్లీ', 'లవ్లీ' అనేవి చివర 'లీ' ఉన్నా క్రియావిశేషణాలు కావు, విశేషణాలే. అందువల్ల ప్రత్యయం చూసి ఊహించండి, కుర్చీ చూసి నిర్ధారించుకోండి.

ఒకే మాట, రెండు పనులు

ఇక్కడ కుర్చీ తప్ప వేరే ఆధారం లేదు.

కోల్డ్: 'కోల్డ్ వాటర్' అంటే చల్లని నీళ్ళు, విశేషణం. 'ఐ హ్యావ్ ఎ కోల్డ్' అంటే నాకు జలుబు చేసింది, నామవాచకం.

లైట్: 'ఎ లైట్ బ్యాగ్' అంటే తేలికైన సంచి. 'స్విచ్ ఆఫ్ ద లైట్' అంటే దీపం ఆర్పు.

ఫైన్: 'ఎ ఫైన్ డే' అంటే చక్కటి రోజు. 'షీ పెయిడ్ ఎ ఫైన్' అంటే జరిమానా కట్టింది.

ఫెయిర్: రఫ్ నోటు నుంచి ఎత్తిరాసేది 'ఫెయిర్ కాపీ', విశేషణం. పుస్తకాల ప్రదర్శన 'బుక్ ఫెయిర్', నామవాచకం.

పేషెంట్: 'ద పేషెంట్ ఈజ్ పేషెంట్.' రోగి ఓపికగా ఉన్నాడు. ఒకే వాక్యంలో ఒకే మాట రెండుసార్లు వచ్చింది. 'ద' తర్వాత కర్త స్థానంలో ఉన్నది నామవాచకం. 'ఈజ్' తర్వాత 'ద' గాని 'ఎ' గాని లేకుండా ఉన్నది విశేషణం.

మనం 'రేపు సోషల్ పరీక్ష' అంటాం. నిజానికి అది 'సోషల్ స్టడీస్'. వెనకున్న నామవాచకం జారిపోయి విశేషణమే పేరుగా నిలబడింది. మొబైల్ ఫోన్ 'మొబైల్' అయినదీ ఇలాగే.

నామవాచకం ముందు నామవాచకం

ఇది అన్నిటికంటే కష్టమైన భాగం. కానీ మనకు సులువు, ఎందుకంటే మనం తెలుగులో సమాసాలు చదువుకున్నాం.

'నల్లకలువ' ఏ సమాసం? విశేషణ పూర్వపద కర్మధారయం. విగ్రహవాక్యం 'నల్లనైన కలువ'. 'వంటకట్టెలు' ఏ సమాసం? చతుర్థీ తత్పురుష. విగ్రహవాక్యం 'వంట కొరకు కట్టెలు'. 'రాజభటుడు' షష్ఠీ తత్పురుష. 'రాజు యొక్క భటుడు'.

ఇంగ్లీషు మాటల జంటకూ ఇలాగే విగ్రహవాక్యం చెప్పి చూడండి. 'ఐన' వస్తే మొదటి మాట విశేషణం. 'కొరకు', 'యొక్క', 'తో చేసిన' వంటివి వస్తే మొదటి మాట నామవాచకం.

బ్లాక్ బోర్డు – నల్లనైన బోర్డు. 'బ్లాక్' విశేషణం.
స్కూల్ బ్యాగ్ – బడి కొరకు సంచి. 'స్కూల్' నామవాచకం.
కాటన్ శారీ – నూలుతో చేసిన చీర. 'కాటన్' నామవాచకం.
హెల్దీ ఫుడ్ – ఆరోగ్యకరమైన ఆహారం. 'హెల్దీ' విశేషణం.
హెల్త్ సెంటర్ – ఆరోగ్యం కొరకు కేంద్రం. 'హెల్త్' నామవాచకం.

'బ్యూటీ పార్లర్' అంటే అందం కొరకు పెట్టిన పార్లర్. 'బ్యూటిఫుల్ పార్లర్' అంటే ఆ గదే అందంగా ఉందని. రెండూ ఒప్పే, అర్థాలే వేరు.

ఈ లెక్కన 'పావర్టీ లైన్' ఎందుకు ఒప్పో, 'పావర్టీ ఫ్యామిలీ' ఎందుకు తప్పో ఆలోచించండి. పావర్టీ లైన్ అంటే దారిద్ర్యరేఖ. ఆ గీత పేదది కాదు, పేదరికాన్ని కొలవడానికి గీసిన గీత. అందుకే నామవాచకం. కుటుంబం విషయంలో అలా కాదు. పేదగా ఉన్నది కుటుంబమే. గుణం దానిలోనే ఉంది కాబట్టి విశేషణం కావాలి. 'పూర్ ఫ్యామిలీ' అనాలి.

ఇలా ముందు కూర్చున్న నామవాచకం సాధారణంగా ఏకవచనంలోనే ఉంటుంది. 'ఎ టెన్ రుపీ నోట్' అనాలి గాని 'టెన్ రుపీస్ నోట్' అనకూడదు. 'స్పోర్ట్స్ డే' వంటి కొన్నింటికి మాత్రం మినహాయింపు ఉంది.

'ద పూర్' అంటే ఎవరు?

'ద' తర్వాత విశేషణం ఒక్కటే వచ్చి ఆగిపోతే, అది ఆ గుణం గల మనుషులందరినీ సూచిస్తుంది. 'ద పూర్' అంటే పేదలు. 'ద రిచ్' అంటే ధనవంతులు. ఇది నామవాచకం పని చేస్తుంది. అర్థంలో బహువచనం కాబట్టి క్రియ కూడా బహువచనంలో ఉండాలి. 'ద పూర్ ఆర్' అనాలి, 'ద పూర్ ఈజ్' అనకూడదు. చివర 'స్' చేర్చి 'పూర్స్' అనికూడా రాయకూడదు.

రాజ్యాంగ పీఠికలో ఒక అభ్యాసం

మీ పాఠ్యపుస్తకంలో మన రాజ్యాంగ పీఠిక ఉంటే తీసి చూడండి. ఇంగ్లీషు పీఠికలో 'రిపబ్లిక్' అనే నామవాచకానికి ముందు నాలుగు విశేషణాలున్నాయి: సావరిన్, సోషలిస్ట్, సెక్యులర్, డెమోక్రటిక్. 1949 నవంబరు 26న ఆమోదించినప్పుడు సావరిన్, డెమోక్రటిక్ అనే రెండే ఉండేవి. 1976లో 42వ రాజ్యాంగ సవరణ ద్వారా మిగతా రెండూ చేరాయి.

వీటిలో 'సావరిన్' అనే మాటను గమనించండి. నామవాచకంగా వాడితే దానికి రాజు, సార్వభౌముడు అని అర్థం. పీఠికలో అది విశేషణపు కుర్చీలో కూర్చుంది. కాబట్టి ఇక్కడ రాజు లేడు, సర్వాధికారం గల గణతంత్రం ఉంది. 'సోషలిస్ట్' కూడా అంతే. మనిషిని అంటే నామవాచకం, ఇక్కడ విశేషణం.

పీఠికలో తర్వాత వచ్చే జస్టిస్, లిబర్టీ, ఈక్వాలిటీ, ఫ్రెటర్నిటీ – నాలుగూ నామవాచకాలు. 'జస్టిస్' తర్వాత వచ్చే సోషల్, ఎకనామిక్, పొలిటికల్ మాత్రం విశేషణాలు. అవి నామవాచకం వెనుక కూర్చున్నా 'జస్టిస్'నే వర్ణిస్తున్నాయి. చట్టాల భాషలో ఇలాంటి వాడుక కనిపిస్తుంది.

అభ్యాసం

అ) కొటేషన్‌లో చెప్పిన మాట విశేషణమా, నామవాచకమా?

1. షీ వాంట్స్ కోల్డ్ మిల్క్. – 'కోల్డ్'
2. మై సిస్టర్ హ్యాజ్ ఎ కోల్డ్. – 'కోల్డ్'
3. వుయ్ హ్యావ్ ఎ ఫ్రెండ్లీ వార్డెన్. – 'ఫ్రెండ్లీ'
4. హర్ అరైవల్ సర్‌ప్రైజ్డ్ అజ్. – 'అరైవల్'
5. సైలెన్స్ ఈజ్ నెసెసరీ ఇన్ ద స్టడీ అవర్. – 'సైలెన్స్', 'నెసెసరీ'
6. ద రిచ్ షుడ్ హెల్ప్ ద పూర్. – 'రిచ్', 'పూర్'

ఆ) తప్పులు సరిదిద్దండి.

7. మై గ్రాండ్‌మదర్ ఈజ్ వెరీ పేషెన్స్.
8. ఐ వాజ్ ఆబ్సెన్స్ ఎస్టర్‌డే.
9. షీ ఈజ్ ఎ బ్రేవ్.
10. హి బాట్ ఎ టెన్ రుపీస్ పెన్.

జవాబులు: 1. విశేషణం. 2. నామవాచకం. 3. విశేషణం. 4. నామవాచకం. 5. సైలెన్స్ నామవాచకం, నెసెసరీ విశేషణం. 6. రెండూ విశేషణాలే గాని 'ద' చేరి నామవాచకాల పని చేస్తున్నాయి. 7. వెరీ పేషెంట్, లేదా 'హ్యాజ్ గ్రేట్ పేషెన్స్'. 8. ఆబ్సెంట్. 9. 'షీ ఈజ్ బ్రేవ్', లేదా 'షీ ఈజ్ ఎ బ్రేవ్ గర్ల్'. 10. ఎ టెన్ రుపీ పెన్.

చివరి మాట

ఇప్పుడు మళ్ళీ మన గేటు దగ్గరకు వద్దాం. 'సోషల్ వెల్ఫేర్' అంటే సంఘానికి సంబంధించినదైన సంక్షేమం. 'సోషల్' విశేషణం, 'వెల్ఫేర్' అనే మాటను వర్ణిస్తోంది. 'వెల్ఫేర్ హాస్టల్' అంటే సంక్షేమం కొరకు హాస్టల్. 'వెల్ఫేర్' నామవాచకం. 'ఫర్ ద వెల్ఫేర్ ఆఫ్ ద స్టూడెంట్స్' అని 'ద' తర్వాత పెట్టి చూస్తే సరిపోతుంది. 'ఫర్ ద సోషల్ ఆఫ్ ద స్టూడెంట్స్' అంటే సరిపోదు. మీరు కూడా ఇదే జవాబు అనుకుని ఉంటే ఈ పాఠం మీకు వచ్చినట్లే.

ఒక పని చేయండి. రోజూ స్టడీ అవర్‌లో ఇంగ్లీషు పుస్తకం నుంచి ఐదు వాక్యాలు తీసుకుని, నామవాచకాల కింద ఒక గీత, విశేషణాల కింద రెండు గీతలు గీయండి. పెన్సిలుతోనే గీయండి, వచ్చే ఏడాది ఆ పుస్తకం మరో చెల్లెలికి పనికొస్తుంది. తర్వాత మీ గురించి, మీ ఇంటివాళ్ళ గురించి ఐదు వాక్యాలు సొంతంగా రాసి, ఒకరికొకరు పైకి చదివి వినిపించుకోండి. తప్పు వస్తే నవ్వకండి, సరిచేయండి.

మన గురించి చెప్పుకునేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. 'వుయ్ ఆర్ పూర్' అన్న వాక్యంలో 'పూర్' విశేషణం మాత్రమే. విశేషణం ఈరోజు ఒకటి ఉండవచ్చు, రేపు మరొకటి రావచ్చు. అది మన పేరు కాదు.

ఇక నేను ఆ రోజు చెప్పలేకపోయిన వాక్యం. 'ఆనెస్ట్' మాటలో మొదటి అక్షరం హెచ్ పలకదు కాబట్టి ముందు 'ఎ' కాదు, 'యాన్' రావాలి. 'మై మదర్ ఈజ్ యాన్ ఆనెస్ట్ వుమన్.' ఇంటర్వ్యూ నుంచి వచ్చిన వారానికి నేర్చుకుని, ఇంటికెళ్ళి అమ్మకు వినిపించాను. అర్థమేమిటని అడిగింది. చెప్పాను. 'ఇంత చిన్న మాటకేనా అన్ని రోజులు ఏడ్చావు?' అంది.

మీరు ఏడవకుండానే నేర్చుకోవాలని కోరుకుంటూ,

మీ అక్క,
ఈ హాస్టలు పూర్వ విద్యార్థిని